‘మారిస్’ సినిమాలో ఆ కేసు ఎందుకు పెట్టారు?

ఇద్దరు మగవాళ్ళ ప్రేమను చెప్పే నవలలు, వాటి మీద తీసిన సినిమాలు ఒకప్పుడు ఎవరైనా విదేశం నుంచి క్యాసెట్ తెస్తే తప్ప విశాఖలో చూసే వీలుండేది కాదు. ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. సీతమ్మధారలో తలుపేసుకుని చూసినా, బీచ్ రోడ్డు మీద చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూసినా వచ్చే అనుమానాలు ఇంచుమించు ఒకటే. ఈ కథలు ఎప్పుడూ కోట్లు, టోపీల కాలంలోనే ఎందుకు జరుగుతాయి? నవలలో లేని సంఘటనలు సినిమాలోకి ఎక్కడి నుంచి వస్తాయి? ఆ పాత్రల జైలు భయం ఇంగ్లండు వాళ్ళదేనా, ఆ రోజుల్లో వాల్తేరులో ఉన్నవాడికీ ఉండేదా?

ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి బాగా పనికొచ్చే సినిమా ‘మారిస్’. ఇ.ఎం. ఫార్‌స్టర్ నవల ఆధారంగా జేమ్స్ ఐవరీ దర్శకత్వంలో 1987లో వచ్చింది. నిర్మాత ఇస్మాయిల్ మర్చంట్ బొంబాయిలో పుట్టినవాడు.

క్లుప్తంగా: నవలలో మనసు లోపల జరిగిన మార్పును తెర మీద చూపించడానికి సినిమావాళ్ళు ఒక కోర్టు కేసును కల్పించారు. ఆ కేసు వెనక ఉన్నలాంటి చట్టమే మన దగ్గర ఐపీసీ (భారతీయ శిక్షాస్మృతి) 377వ సెక్షన్‌గా 2018 దాకా నడిచింది. చట్టం పోయాక ఇలాంటి కథల్లో అడ్డంకి కోర్టు నుంచి ఇంట్లోకి మారుతోంది. తెలుగులో ఇలాంటి సినిమా రాకపోవడానికి ప్రేక్షకుల ఇష్టాయిష్టాల కంటే మూలకథల కొరత, వ్యాపారం లెక్కలు పెద్ద కారణాలు.

57 ఏళ్ళు అచ్చుకాని నవల

కథ పెద్ద చిక్కుగా ఉండదు. మారిస్ హాల్ డబ్బున్న మధ్యతరగతి కుర్రాడు. కేంబ్రిడ్జిలో చదువుతుండగా క్లైవ్ డర్హమ్ పరిచయమవుతాడు. క్లైవ్‌ది జమీందారీ కుటుంబం. విజయనగరం, బొబ్బిలి కథలు వింటూ పెరిగినవాళ్ళకి ఆ కుటుంబం కొత్తగా అనిపించదు. పేరు మిగిలింది, డబ్బు కరిగిపోతోంది. వానపడితే హాలు పైకప్పు కారుతుంది, పియానోని పక్కకు జరుపుకోవాలి. క్లైవ్ ప్లేటోని చదివినవాడు కాబట్టి, ప్రేమ మనసుల మధ్యే ఉండాలి, శరీరం దాకా రాకూడదు అంటాడు. కొన్నేళ్ళు అలాగే గడుస్తాయి. తర్వాత క్లైవ్ మారిపోయి ఆన్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకుంటాడు. మారిస్ తనకేదో జబ్బుందనుకుని డాక్టర్ల చుట్టూ, హిప్నాటిజం చేసే ఆయన చుట్టూ తిరుగుతాడు. చివరికి క్లైవ్ ఎస్టేటులో వేటజంతువులను కాపలా కాసే అలెక్ స్కడర్‌తో కలిసి వెళ్ళిపోతాడు.

ఫార్‌స్టర్ ఈ నవలను 1913–14లో రాశాడు. స్నేహితులకు రాతప్రతి చదవడానికి ఇచ్చాడు, దశాబ్దాల పాటు దిద్దుతూ వచ్చాడు. అచ్చుకు మాత్రం ఇవ్వలేదు. ఆయన 1970లో చనిపోయాక, 1971లో పుస్తకం వచ్చింది. ఎందుకు ఆపాడో 1960లో నవల చివర చేర్చిన మాటల్లో ఆయనే చెప్పుకున్నాడు. కుర్రాడు ఉరేసుకున్నట్టో, ఇద్దరూ కలిసి చచ్చిపోయినట్టో రాసి ఉంటే అచ్చుకు ఇబ్బంది ఉండేది కాదట. ఇద్దరూ శిక్ష పడకుండా సుఖంగా బతికారని రాశాడు కాబట్టే అది నేరాన్ని ప్రోత్సహించినట్టు అవుతుందని ఆయన భయం. అంటే అప్పటి ఇంగ్లండులో ఈ విషయం రాయడం కన్నా, దానికి మంచి ముగింపు ఇవ్వడమే పెద్ద తప్పు.

ఈ నవలకి మన దేశంతో ఒక దగ్గరి చుట్టరికం ఉంది, ఇంగ్లిష్ విమర్శకులు దాన్ని అంతగా పట్టించుకోరు. ఫార్‌స్టర్ మొదటిసారి భారతదేశం వచ్చింది 1912 చివర్లో, తిరిగి వెళ్ళింది 1913లో. వచ్చిన ముఖ్య కారణం సయ్యద్ రాస్ మసూద్ అనే స్నేహితుడు. 1906లో ఇంగ్లండులో ఆయనకు లాటిన్ ట్యూషన్ చెబుతూ ఫార్‌స్టర్ ఆయన్ని ప్రేమించాడు. మసూద్ వైపు నుంచి అది స్నేహంగానే ఉండిపోయింది. ఆ మసూద్ తర్వాత హైదరాబాద్ సంస్థానంలో విద్యాశాఖ డైరెక్టరయ్యాడు, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పాటులో ఆయన చెయ్యి ఉంది. ఇక్కడి నుంచి వెళ్ళాక ఫార్‌స్టర్ భారతదేశం మీద ఒక నవల మొదలుపెట్టి, అది ముందుకు సాగక పక్కన పెట్టి, ‘మారిస్’ రాశాడు. ఆగిపోయిన ఆ నవలే 1924లో ‘ఎ పాసేజ్ టు ఇండియా’గా వచ్చింది, మసూద్‌కే అంకితమిచ్చాడు. ఒకదాంట్లో స్నేహితులిద్దరూ కలిసుండలేక విడిపోతారు, అచ్చుకాని రెండోదాంట్లో ఇద్దరు మగవాళ్ళు కలిసిపోతారు. రెండూ ఒకే టేబుల్ మీద పుట్టాయి.

మనసు మారిందని కెమెరాకి ఎలా చెప్పాలి

నవలలో అన్నిటికంటే బలహీనమైన చోటు క్లైవ్ మారిపోవడం. జ్వరంతో పడి లేచాడు, గ్రీసు వెళ్ళాడు, అక్కడి నుంచి తనకిప్పుడు ఆడవాళ్ళ మీదే మనసు పోతోందని మారిస్‌కి ఉత్తరం రాశాడు. అంతే. రచయిత చెప్పాడు కాబట్టి పాఠకుడు నమ్మాలి. నవలలో రచయిత పాత్ర తలలోకి వెళ్ళి మాట్లాడగలడు కాబట్టి అది ఎలాగో గట్టెక్కుతుంది. సినిమాలో గ్రీసు శిథిలాల మధ్య కూర్చున్న కుర్రాణ్ణి చూపించి ‘ఇతనికి మనసు మారింది’ అంటే హాల్లో ఎవరూ ఒప్పుకోరు.

అందుకే స్క్రీన్‌ప్లేలో రిస్లీ కేసు వచ్చింది. రిస్లీ నవలలోనూ ఉన్నాడు గానీ అక్కడ వాగుడుకాయ లాంటి తోటి విద్యార్థి, అంతకు మించి లేదు. సినిమాలో అతను ఒక సైనికుణ్ణి పిలిచాడని పోలీసులు పట్టుకుంటారు. కేసు నడుస్తుంది, పరువు పోతుంది, కఠిన శిక్ష పడుతుంది. 1895లో ఇలాంటి నేరం కిందే రచయిత ఆస్కార్ వైల్డ్ మీద నడిచిన కేసు దీనికి నమూనా. స్క్రీన్‌ప్లే రాసింది ఐవరీ, కిట్ హెస్కెత్ హార్వే. మర్చంట్–ఐవరీ సినిమాలకు ఎక్కువగా రాసే రూత్ ప్రవర్ ఝాబ్వాలా దీనికి రాయలేదు, కానీ ఈ కేసు సలహా మాత్రం ఆమెదే. ఆ ఒక్క మార్పుతో క్లైవ్ మనకి అర్థమవుతాడు. గ్రీసుకి వెళ్ళకముందే భయపడ్డాడు. ఎన్నికల్లో నిలబడాలి, ఎస్టేటు నిలబెట్టుకోవాలి, ఈ బతుకు పేపర్లో పడకూడదు. నవల ‘మనసు మారింది’ అన్నచోట సినిమా ‘భయం వేసింది’ అంటుంది. మూలానికి విధేయంగా లేదని దీన్ని తప్పుపట్టవచ్చు. కథగా మాత్రం సినిమాదే గట్టి కారణం.

లోపలి కోరికను చూపించే పని ఒక్క కేసుతో అయిపోదు. కేంబ్రిడ్జి గదిలో ఒక సన్నివేశం ఉంది. మారిస్ కుర్చీలో కూర్చుని ఉంటాడు, క్లైవ్ కింద నేల మీద కూర్చుని మారిస్ మోకాళ్ళకు తల ఆనిస్తాడు. మారిస్ చెయ్యి క్లైవ్ జుట్టులోకి వెళుతుంది. మాటలు తక్కువ. ఎవరో వస్తున్న చప్పుడవగానే ఇద్దరూ దూరం జరిగిపోతారు. ఆ దూరం జరగడంలోనే చట్టం, సమాజం, తెలియని సిగ్గు అన్నీ ఉన్నాయి. ఇంకో చోట గ్రీకు పాఠం నడుస్తుంది. ఒక విద్యార్థి అనువాదం చెబుతూ పోతుంటే, గ్రీకుల ఆ ‘చెప్పకూడని’ అలవాటు వచ్చిన భాగం వదిలెయ్యమని అధ్యాపకుడు మామూలు గొంతుతో అంటాడు. కోపం లేదు, ఉపన్యాసం లేదు. పుస్తకంలో ఉన్నదాన్ని క్లాసులో లేకుండా చేశారు. మన కాలేజీల్లో ప్రబంధాల పద్యాలు ‘ఇది పరీక్షలో రాదు’ అని దాటించిన క్లాసులు చూసినవాళ్ళకి ఆ గొంతు బాగా తెలుసు.

ఈ పద్ధతికి ఫలితం దక్కింది. వెనిస్ సినిమా ఉత్సవంలో ఐవరీ దర్శకత్వానికి ‘వెండి సింహం’ అవార్డు దొరికింది. మారిస్‌గా వేసిన జేమ్స్ విల్బీ, క్లైవ్‌గా వేసిన హ్యూ గ్రాంట్ ఉత్తమ నటుడి అవార్డు పంచుకున్నారు.

అదే భయం వాల్తేరులోనూ

మారిస్‌కి హిప్నాటిజం చేసే లాస్కర్ జోన్స్ వైద్యం పనిచెయ్యదని తేలాక ఒక సలహా ఇస్తాడు. ఫ్రాన్సుకో ఇటలీకో వెళ్ళి బతకమంటాడు, అక్కడ ఇది నేరం కాదు. సినిమాలో ఈ పాత్ర బెన్ కింగ్‌స్లీది. చూడ్డానికి చిన్న డైలాగే గానీ కథకంతటికీ ఇదే తాళంచెవి. ఒకే మనిషి, ఒకే కోరిక, సముద్రానికి ఈ ఒడ్డున నేరస్థుడు, ఆ ఒడ్డున మామూలువాడు.

ఇంగ్లండులో అప్పుడు రెండు చట్టాలుండేవి. 1861 చట్టం కింద మగవాళ్ళ మధ్య సంభోగానికి యావజ్జీవం దాకా శిక్ష. 1885లో చేసిన సవరణ ఇంకా విశాలమైంది. ‘తీవ్రమైన అసభ్యత’ అనే మాట కింద దాదాపు దేన్నైనా తెచ్చి రెండేళ్ళు కఠిన శిక్ష వేయవచ్చు. వైల్డ్‌కి పడింది ఇదే. భారతదేశంలో 1860లో చేసిన శిక్షాస్మృతి 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 377వ సెక్షన్ ‘ప్రకృతి క్రమానికి విరుద్ధమైన’ సంభోగానికి యావజ్జీవం, లేదా పదేళ్ళ దాకా జైలు అంది. ఆ శిక్షాస్మృతి చేసే నాటికి ఇంగ్లండు పుస్తకాల్లో ఈ నేరానికి మరణశిక్షే ఉంది, మరుసటి ఏడాదే అక్కడ తీసేశారు.

కాబట్టి 1913లో మద్రాసు ప్రెసిడెన్సీలోని విజగపటం జిల్లాలో బతికే మనిషికి, అతను వాల్తేరు బంగళాలో దొర అయినా, పాత ఊళ్ళో గుమాస్తా అయినా, ఆ భయానికి చట్టంలో చోటు ఉంది. లాస్కర్ జోన్స్ చెప్పినట్టు దేశం దాటక్కర్లేని ఒక వింత కూడా మన పక్కనే ఉంది. కాకినాడ దగ్గరి యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. ఫ్రెంచి శిక్షాస్మృతిలో పెద్దవాళ్ళు ఇష్టపడి చేసేదానికి ఇలాంటి నేరమే లేదు. చట్టం మారితే సరిహద్దు దాటడం తెలుగువాళ్ళకి తెలియని విద్యేం కాదు. 1929లో శారదా చట్టం బాల్య వివాహాలను ఆపినప్పుడు బ్రిటిష్ ఇండియాలోని కుటుంబాలు పిల్లల పెళ్ళిళ్ళు చెయ్యడానికి యానాం వెళ్ళాయి. ఆ ఊరికి కల్యాణపురం అనే పేరు కూడా వచ్చింది. 377 కోసం ఎవరైనా అలా వెళ్ళారా అంటే, వెళ్ళినవాళ్ళు రాసుకుని ఉండరు. పీరియడ్ నవల రాయాలనుకునే తెలుగు రచయితకి ఇంతకంటే మంచి సరుకు ఇంగ్లండులో దొరకదు.

తర్వాతి చరిత్రలో రెండు దేశాల దారులు వేరయ్యాయి. ఇంగ్లండులో ఈ చట్టాన్ని సడలించమంటూ 1957లో వుల్ఫెండెన్ కమిటీ నివేదిక వచ్చింది, 1967లో 21 ఏళ్ళు దాటిన మగవాళ్ళ మధ్య ఏకాంతంలో జరిగేది నేరం కాదన్నారు. ఇక్కడ 2009లో ఢిల్లీ హైకోర్టు 377ని సడలించింది, 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది, 2018 సెప్టెంబర్ 6న నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో అయిదుగురు జడ్జిల ధర్మాసనం పెద్దల పరస్పర అంగీకారాన్ని నేరం నుంచి తప్పించింది. చట్టం చేసినవాళ్ళు దాన్ని వదిలేశాక కూడా మనం 51 ఏళ్ళు మోశాం. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు.

శిక్ష పడేది ఎవరికి

ఫార్‌స్టర్ 1960లో రాసిన ఆ చివరి మాటల్లోనే ఇంకొక సంగతి ఉంది. సినిమా చూసినవాళ్ళలో ఎక్కువమంది దాకా రాని సంగతి అది. పోలీసు కేసులు ఇలాగే నడుస్తాయని, న్యాయపీఠం మీద క్లైవ్ కూర్చుని బోనులో నిలబడిన అలెక్‌కి శిక్ష వేస్తూనే ఉంటాడని, మారిస్ తప్పించుకున్నా తప్పించుకోవచ్చని రాశాడు. చట్టం కాగితం మీద అందరికీ ఒకటే. పట్టుబడేది మాత్రం లాయరుని పెట్టుకోలేనివాడు.

ఈ మాట విశాఖలో చదివితే రావిశాస్త్రి గుర్తురాక మానడు. ఈ ఊరి కోర్టుల్లో ప్లీడరుగా పనిచేసి, మద్యనిషేధం చట్టం చిన్నవాళ్ళ బతుకుల్ని ఎలా నలిపిందో ‘ఆరు సారా కథలు’లో రాసినవాడు. విషయం వేరు, యంత్రాంగం ఒకటే. చట్టం పేరు చెప్పి డబ్బులు గుంజడం, పరువు పోతుందని నోరు నొక్కడం, సాక్ష్యం లేకపోయినా భయం చాలడం. 377 కింద పడిన శిక్షల కంటే, దాని పేరు చెప్పి చేసిన బెదిరింపులే ఎక్కువ నష్టం చేశాయన్న వాదన కోర్టుల ముందు పదేపదే వినిపించింది. నవలలో అలెక్ కూడా ఒక దశలో మారిస్‌ని బెదిరిస్తాడు. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఇద్దరూ కలుసుకున్నప్పుడు ప్రేమకీ బ్లాక్‌మెయిల్‌కీ మధ్య గీత ఎంత సన్నగా ఉందో కనిపిస్తుంది. ఆ సన్నదనం చట్టం చేసిందే.

పాతకాలం ఇచ్చేది, తీసుకునేది

ఇలాంటి కథల్ని పాతకాలంలో పెడితే దర్శకుడికి ఒక సౌకర్యం ఉంది. ఎందుకు చెప్పుకోలేకపోతున్నారు అన్న ప్రశ్న రాదు. జైలుంది కాబట్టి చెప్పుకోలేరు. చిన్న చూపు, చేతి వేళ్ళు తగలడం కూడా ప్రమాదంగా కనిపిస్తాయి, కథకి టెన్షన్ దానంతట అదే వస్తుంది. నిర్మాతకీ ఒక ధైర్యం. ఇది మా నాన్నల కాలం సంగతి కాదు, ముత్తాతల కాలం సంగతి అని ప్రేక్షకుడు కాస్త దూరం నుంచి చూస్తాడు. నష్టం కూడా ఆ దూరంలోనే ఉంది. బట్టలు, బంగళాలు, పచ్చిక మైదానాలు మరీ అందంగా ఉంటే బాధ కూడా క్యాలెండర్ బొమ్మలా అయిపోతుంది. ‘మారిస్’ అక్కడక్కడా ఆ గోతిలో పడింది.

చట్టం అడ్డు లేని చోట ఇదే దర్శకుడు ఏం చేశాడో పోల్చి చూడవచ్చు. 2017లో వచ్చిన ‘కాల్ మీ బై యువర్ నేమ్’కి స్క్రీన్‌ప్లే రాసింది ఐవరీయే, దానికి 89 ఏళ్ళ వయసులో ఆస్కార్ అందుకున్నాడు. ఆంద్రే అసిమన్ నవల, లూకా గ్వాదన్యీనో దర్శకత్వం, 1983 నాటి ఇటలీ. లాస్కర్ జోన్స్ వెళ్ళమన్న ఇటలీ. అక్కడ పోలీసు లేడు, కోర్టు లేదు, తండ్రి కూడా కొడుకుని అర్థం చేసుకుంటాడు. అడ్డు ఒక్కటే, వేసవి సెలవులు అయిపోతాయి. నవలలో ఇరవై ఏళ్ళ తర్వాతి కలయిక కూడా ఉంటుంది. సినిమా దాన్ని వదిలేసి, నిప్పుగూడు ముందు కూర్చున్న కుర్రాడి ముఖం మీద ఆగిపోతుంది. నవలలోని పేజీల పశ్చాత్తాపాన్ని ఒక్క ముఖంలో చెప్పాల్సి వచ్చింది.

మన దేశంలో దీనికి దగ్గరి ఉదాహరణ ‘కోబాల్ట్ బ్లూ’. సచిన్ కుందల్కర్ మరాఠీ నవల 2006లో వచ్చింది, సినిమా 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఇంట్లో అద్దెకు దిగిన కుర్రాణ్ణి అన్నా, చెల్లెలూ ఇద్దరూ ప్రేమిస్తారు. నవలలో సగం అన్న మాటలు, సగం చెల్లెలి డైరీ. ఒకే మనిషిని ఇద్దరి మనసుల్లోంచి చూడటమే దాని బలం. సినిమా కథను పుణె నుంచి 1996 నాటి కొచ్చికి మార్చింది. రెండు గొంతుల ఏర్పాటు తెర మీద పలచబడింది, దాని స్థానంలో సముద్రం, నీలిరంగు, పాత గోడలు వచ్చాయి. ఆ కాలాన్ని ఎంచుకోవడంలో లాభం తెలుస్తూనే ఉంది. సెల్‌ఫోన్ లేదు, 377 ఉంది.

వైజాగ్ ఏరియా లెక్క

ఈ సినిమాలు విశాఖ థియేటర్లకు ఎందుకు రావు అనేదానికి జవాబు చాలావరకు వ్యాపారంలో ఉంది. మన దగ్గర సినిమా ఏరియాల వారీగా అమ్ముడవుతుంది. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలు, ఇలా. ఉత్తరాంధ్ర హక్కులు కొనే డిస్ట్రిబ్యూటరు శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా ఉన్న హాళ్ళను లెక్కేసుకుంటాడు, జగదాంబ జంక్షన్‌లో నాలుగు షోలు నిండితే చాలదు. సబ్‌టైటిల్స్ మీద నడిచే నెమ్మదైన ఇంగ్లిష్ సినిమాకి ఆ లెక్క కుదరదు. దీనికి సెన్సార్ తోడవుతుంది. ‘ఏ’ సర్టిఫికెట్ వచ్చిన సినిమాని ఉన్నదున్నట్టు టీవీలో వెయ్యడానికి లేదు, టీవీ కోసం మళ్ళీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. శాటిలైట్ హక్కుల డబ్బు చేతికి రాదని తెలిశాక తెలుగు నిర్మాత ఇలాంటి కథ విని లేచి వెళ్ళిపోవడంలో ఆశ్చర్యం లేదు. ఓటీటీలకు ముందస్తు సెన్సార్ లేదు, 2021 నిబంధనల ప్రకారం వయసు రేటింగ్ వాళ్ళే ఇచ్చుకుంటారు. అందుకే ఈ ప్రేమలు హాలు దాటి ఫోన్‌లోకి వెళ్ళాయి.

తెలుగులో వస్తే ఎటు నుంచి

మనసు లోపలి ప్రవాహాన్ని రాయడం తెలుగుకి కొత్త కాదు. రావిశాస్త్రి ‘అల్పజీవి’ ఆ పనిని విశాఖ నేల మీదే చేసింది. ఆ పద్ధతిలో ఒక మగవాడు ఇంకో మగవాడి గురించి పడే తపనను చెప్పి, అందరూ చదివిన తెలుగు నవల మాత్రం లేదు. సినిమాల్లో ఈ పాత్రలు ఎక్కువగా కామెడీ ట్రాక్‌లో చేతులు తిప్పుతూ వచ్చి వెళ్ళినవే. నవల లేనిచోట నవలా చిత్రం ఉండదు కాబట్టి పీరియడ్ సినిమా కంటే ముందు వర్తమాన కథే వచ్చే అవకాశం ఎక్కువ.

మలయాళంలో అదే జరిగింది. 2023లో వచ్చిన ‘కాదల్ – ది కోర్’లో మమ్ముట్టి పాత్ర పంచాయతీ ఎన్నికల్లో నిలబడుతుంటే, అతనికి మగవాళ్ళ మీదే మనసని భార్య విడాకులకు కేసు వేస్తుంది. క్లైవ్ లాగే ఇతనికీ ఎన్నికలున్నాయి, పరువుంది, పెళ్ళుంది. తేడా కోర్టులో ఉంది. క్లైవ్ కాలంలో కోర్టు జైల్లో పెట్టడానికి, ఇక్కడ పెళ్ళి నుంచి విడిపించడానికి. కేసు వేసింది కూడా పోలీసు కాదు, జ్యోతిక వేసిన ఓమన. ‘మారిస్’ చివర్లో క్లైవ్ కిటికీ తలుపులు మూస్తూ బయటికి చూస్తుంటే ఆన్ గదిలోనే ఉంటుంది, ఆమెకి ఏం తెలుసో, ఏం తెలియదో ఎవరూ అడగరు. అడగకుండా వదిలేసిన ఆ పాత్రే ‘కాదల్’లో కథ నడిపింది.

2023 అక్టోబర్‌లో స్వలింగ వివాహాలకు చట్టబద్ధత ఇవ్వడానికి సుప్రీంకోర్టు నిరాకరించి, ఆ పని చట్టసభలకు వదిలింది. ప్రేమ నేరం కాదు గానీ పెళ్ళిగా రిజిస్టరు కాదు. సంబంధాలు చూడటం, ‘ఇంకా ఎన్నాళ్ళురా’ అని అడగడం ఆగలేదు. తెలుగులో మొదట వచ్చే బలమైన సినిమా ఆ ఒత్తిడికి లొంగి జరిగిన పెళ్ళి మీదే రావచ్చు, దాన్ని భార్య వైపు నుంచి చెప్పే వీలే ఎక్కువ. కుటుంబ కథగా ‘యూ/ఏ’ తెచ్చుకోవచ్చు, టీవీకి అమ్మవచ్చు, ఉత్తరాంధ్ర డిస్ట్రిబ్యూటరుకి చెప్పి ఒప్పించవచ్చు. వాల్తేరు బంగళా, యానాం పడవ ఉన్న పీరియడ్ కథ ఆ తర్వాతి సంగతి, ముందు దాన్ని ఎవరో నవలగా రాయాలి.